కపిలి తోలు అత్తరు

ఎవరు ఏది అడిగినా దస్తగిరి సాయిబు నోటితో జవాబు చెప్పేవారు కాదు. గోరంత దూది తీసుకుని, ఏదో ఒక అత్తరులో ముంచి, అడిగినవాళ్ల చెవి మడతలో పెట్టి, "సాయంత్రం రా" అనేవారు. అంతలోగా ఆ వాసనలోనే జవాబు వెతుక్కోవాలి. ఆదోని అత్తరు బజారులో ఆయన్ను అందరూ ఉస్తాదు అనేవాళ్లు. ఆ దూదికి జడిసి చాలామంది ఆయన్ను ప్రశ్నలు అడగడమే మానుకున్నారు.

రూతమ్మ కూడా పదేళ్లలో ఒక్క ప్రశ్న అడిగి ఎరగదు. ఆమె ఆ అంగట్లోకి మొదట సీసాలు కడగడానికి వచ్చింది. చదివింది ఐదో తరగతి. తొట్టిలో వేసిన సీసాలమీది చీటీలు నాని ఊడిపోతే, ఏది మొగలిదో ఏది వట్టివేరుదో వాసన చూసి వేరు చేసి పెట్టేది. ఒకరోజు ఉస్తాదు అది గమనించి, తొట్టి దగ్గరనుంచి లేపి అత్తరు కలిపే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆనాటినుంచి ఆమె శిష్యురాలు. ముక్కు ఎంత పదునెక్కినా, నలుగురిలో నోరు విప్పడం మాత్రం ఆమెకు చాతకాలేదు.

అలాంటి మనిషి ఆ పొద్దున ఉండబట్టలేక అడిగింది.

"ఉస్తాదూ, ఒకదాన్ని చూసి చేసింది ఎప్పటికైనా మనదవుతుందా?"

అడగడానికి కారణం ఉంది. ఆ అంగట్లో పై అరలో ఉస్తాదు సొంత అత్తర్లుంటాయి. కింది అరలో 'లాంటివి' ఉంటాయి. పేరుమోసిన సెంటును ముక్కుతో విప్పి, ఏమేం కలిసిందో పసిగట్టి, అలాంటిదాన్నే చేసి చూపడం అక్కడి శిష్యుల చదువు. బొంబాయి కంపెనీ ఒకటి తాతలనాటినుంచి 'దర్బారు' అని తోలు వాసన సెంటు చేస్తూ ఉంది. కొత్త జీను మీద ఎవరో కుంకుమపువ్వూ గులాబీ ఆరబోసి, దూరంగా పొగ పెట్టినట్టుంటుంది. మూడేళ్ల కిందట ఉస్తాదు రూతమ్మకు అప్పజెప్పింది దాన్నే. ఆ రోజు దానికి పరీక్ష.

పరీక్షకు ఆ అంగడిది ఒక పద్ధతి. అసలుదాన్ని ఏళ్ల తరబడి వాడిన మనిషిని పిలిపిస్తారు. అసలుది కుడి చెవిలో, కొత్తది ఎడమ చెవిలో పెట్టి పంపుతారు. ఆయన తన పనులు తాను చూసుకుని, సాయంత్రం అసరు నమాజు వేళకు తిరిగొచ్చి, రెండు దూదులూ గిన్నెలో వేసి తీర్పు చెప్పాలి. తేడా తెలియలేదన్నాడో, కొత్తది కింది అర ఎక్కుతుంది. తెలిసిందన్నాడో, సీసా మురికికాలవ పాలు. ఈ రెండు మాటలే గాని మూడో మాట ఆ అంగట్లో ఎన్నడూ వినపడలేదు.

రూతమ్మకు గులాబి దొరికింది, కుంకుమపువ్వు దొరికింది, పొగ కూడా దొరికింది. తోలు దగ్గర బండి ఆగిపోయింది. బొంబాయివాళ్లు ఆ వాసన ఎక్కడనుంచి తెస్తారో ఆమెకేం తెలుసు? ఆమె ఎరిగిన తోలు ఒక్కటే. కరెంటు మోటార్లు రాకముందు ఎద్దులను కట్టి బావినీళ్లు తోడేవాళ్లు, దాన్ని కపిలి అనేవాళ్లు. ఆ కపిలికి తోలు బానలు కుట్టేవాడు ఆమె నాయన యోబు. తంగేడు చెక్కా కరక్కాయా వేసి పచ్చితోలును ఊనేవాడు, ఆముదం పట్టించి మెత్తన చేసేవాడు. రూతమ్మ అవే తెచ్చి గంధపు నూనెలో నానబెట్టింది. వాసన వచ్చింది. వచ్చింది గాని, దర్బారులో ఒక మూల కూర్చోమంటే కూర్చోలేదు. గులాబిని పక్కకు తోసి ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, నువ్వు సీసా మూత తీసినప్పుడల్లా నేను చెప్పులు వాకిట్లో విడిచినానా లేదా అని చూసుకుంటా ఉన్నా," అన్నాడు జిలానీ. అతను ఆమెకన్నా ముందు చేరిన శిష్యుడు. నడివయసువాడు. కింది అరలో అతను చేసిన 'లాంటివి' పదకొండు ఉన్నాయి.

రూతమ్మ తల వంచుకుంది. ఆమె అడిగినదానికి ఉస్తాదు జవాబివ్వలేదు, దూది కూడా తీయలేదు. ఆయన చూపు వాకిలిమీద ఉంది. జిన్నింగు మిల్లు బసిరెడ్డి వస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా దర్బారు పూసుకోకుండా గడప దాటని మనిషి.

"దూది మాత్రం మా మిల్లుదే పెట్టు సాయిబూ," అన్నాడు రెడ్డి కూర్చుంటూ. "పక్క మిల్లు దూది పెడితే నా చెవి దురద."

ఉస్తాదు నవ్వి అసలుదాన్ని కుడి చెవిలో పెట్టారు. "రూతమ్మా, నీది ఇయ్యి."

రూతమ్మ చేతిలో అప్పటికే గులాబి సీసా ఉంది. రెండంటే రెండు చుక్కలు ఎక్కువ వేస్తే తంగేడు నోరు మూసుకుంటుందని ఆమెకు తెలుసు. అప్పుడు రెడ్డికి తేడా తెలియదు. కింది అరలో ఆమె సీసాకూ ఇంత చోటు దొరుకుతుంది. మూడేళ్లుగా ఆమె కోరుకున్నది అంతే.

చుక్క వంపబోయిన చెయ్యి ఎందుకో ఆగింది. బడిలో ఆమె పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఒకసారి నాయన పలక ఇచ్చిపోదామని బడిదాకా వచ్చి, లోపలికి రాకుండా, చేతులు పంచెకు తుడుచుకుంటూ గేటు అవతలే నిలబడ్డాడు. ఎంత తుడిచినా తంగేడు పోతుందా? ఆమె చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది. పలకను గోడమీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు. నలభై ఏళ్ల కిందటి సంగతి.

రూతమ్మ గులాబి సీసాకు మూత పెట్టి పక్కన పెట్టింది. తన అత్తరును ఉన్నదున్నట్టు దూదిలో ముంచి ఉస్తాదుకు అందించింది. ఆమె తలెత్తితే ఆయన ఆ గులాబి సీసానే చూస్తున్నారు.

రెడ్డి రెండు చెవుల్లో రెండు దూదులతో వెళ్లిపోయాడు. "పెళ్లికొడుకు మాదిరి ఉండాడు," అన్నాడు జిలానీ. ఎవరూ నవ్వలేదు. రూతమ్మ ఆ పొద్దు అన్నం తినలేదు. కడిగిన సీసాలే మళ్లీ కడిగింది.

అసరు వేళకు రెడ్డి వచ్చాడు. వస్తూనే గిన్నెలో ఒక దూది వేశాడు. అది కుడి చెవిది.

"తేడా తెలిసిందా రెడ్డీ?" అని అడిగారు ఉస్తాదు.

"తెలియకేం! నీ మెట్లు దిగకముందే తెలిసింది. ఇది దర్బారు కాదు సాయిబూ. దర్బారుకు పక్కింటిది కూడా కాదు."

జిలానీ లేచాడు. పద్ధతి పద్ధతే కదా. సీసా తీసుకుని కాలవలో పారబోయడానికి చెయ్యి చాచాడు. రూతమ్మ సీసాను రెండు చేతులతో మూసి పట్టుకుంది.

"పారబోయను," అంది.

పదేళ్లలో ఆమె గొంతు ఆ అంగడి గోడలకు తగలడం అదే మొదలు. జిలానీ చెయ్యి అట్లే నిలబడిపోయింది.

"దర్బారు కాకుంటే కాకపోనీ జిలానీ. ఇది మా నాయన చేతుల వాసన. ఒకసారి మొగం తిప్పుకున్నా. ఇంకోసారి తిప్పుకోను."

ఉస్తాదు గిన్నె ముందుకు జరిపారు. "రెడ్డీ, రెండో దూది?"

బసిరెడ్డి చెయ్యి ఎడమ చెవిమీదికి పోయింది, ఎవరో గుంజుకుంటారన్నట్టు. "ఇయ్యను పో."

"పద్ధతప్పా."

"పద్ధతి నీ గిన్నెలో పెట్టుకో సాయిబూ! ఏం జరిగిందనుకున్నావు? మిల్లులో మిషన్లన్నీ తిరుగుతా ఉంటే నాకు బాయి గిలక కిర్రుమనేది ఇనపడింది. మేస్త్రీ ఏమో చెప్తా ఉండాడు, నేను ఎద్దులను అదిలిస్తా ఉండా. మా నాయన చూడకుండా కపిలి బానలో ఎక్కి బాయిలోకి దిగేటోణ్ణి, ఎనిమిదేళ్లప్పుడు. సల్లగా, చీకటిగా, చుట్టూ ఈ వాసనే. అప్పుడే ఆ కుడి చెవి దూది తీసి జోబులో వేసుకున్నా. అడ్డమొస్తా ఉంది." ఆయన రూతమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది మీ నాయన చేతుల వాసనంటివే. పేరేంది మీ నాయనది?"

"యోబు," అంది రూతమ్మ. ఈసారి తల వంచలేదు. "చిన్నకొండాపురం యోబు. బానలు కుట్టేటోడు."

"ఎరుగుదును," అన్నాడు రెడ్డి మెల్లగా. "ఆయన కుట్టిన బాన పది వానాకాలాలకు కూడా చుక్క కారేది కాదు. మా దొడ్డి బయట నిలబెట్టే మాట్లాడి పంపించేటోళ్లం." ఎడమ చెవిలోని దూదిని సర్దుకుని, "నాకొక సీసా కావాల. అడుగుదామనే ఇంత దూరం నడిచొచ్చినా," అన్నాడు.

ఉస్తాదు బల్ల సొరుగు తెరిచారు. అందులో పొద్దున రాసి పెట్టిన చీటీ ఉంది, 'దర్బారు లాంటిది' అని. దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఖాళీ చీటీ ఒకటి రూతమ్మ ముందు పెట్టారు.

"నువ్వే రాయి."

రూతమ్మ పెన్ను పట్టుకుని చానాసేపు కూర్చుంది. తరువాత ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టు రాసింది. పైన 'కపిలి' అని, దాని కింద 'యోబు కూతురు రూతమ్మ' అని. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. ఉస్తాదు సరిచేయలేదు. చీటీ అంటించి, స్టూలెక్కి, సీసాను పై అరలో తన అత్తర్ల పక్కన పెట్టారు.

జిలానీ కింది అరలో ఉన్న తన పదకొండు సీసాలనూ చూసుకున్నాడు.

"అక్కా."

"ఏం జిలానీ?"

"నాకూ ఒక దూది పెట్టు. ఊరికే, ఎట్లుంటాదో చూస్తా."

"చెప్పులు విడిచినావా మరి?" అంది రూతమ్మ.

బసిరెడ్డి ఫక్కున నవ్వాడు. జిలానీ తానూ నవ్వి చెవి ముందుకు వంచాడు. ఆ మరుసటి శుక్రవారానికి బజారులో సగం చెవుల్లో కపిలి ఉంది. పేరు అడిగితే ఆ వంకర అక్షరాల సీసాకేసి వేలు చూపించేవాళ్లు.

పరీక్ష జరిగిన ఆ సాయంత్రమే, రెడ్డి వెళ్లిపోయాక రూతమ్మ ఉస్తాదు దగ్గరికొచ్చింది.

"ఉస్తాదూ, పొద్దున అడిగినదానికి మీరు చెప్పనేలేదు."

ఆయన బల్లమీద మిగిలిన దర్బారు సీసాను భద్రంగా తుడుస్తున్నారు. దాన్ని ఆమె చేతికిచ్చారు.

"దీనికొక సలాం పెట్టు బేటీ," అన్నారు. "దోవ చెప్పినోళ్లకు సలాం పెట్టి పోవాల. వాళ్లింట్లోనే కాపురం పెడతారా ఎవరైనా?"