లఘుతోయ వంపు

పూర్వం త్రేతాయుగంలో, రుచిధ్వజ మహారాజు ఏలుబడిలోని నల్లమల సీమలో పన్నెండేళ్ళు చినుకు రాలక, పశువులు ఎండిన చెలమల్లో మూతులు పెట్టి నశించిపోతుండగా, కరుణాసముద్రుడైన మౌంజాయన మహర్షి ఘోరతపస్సుతో చతుర్ముఖుణ్ణి మెప్పించి, లఘుతోయ అనే చిన్న నదిని వరంగా పొందాడు.

"మునీంద్రా! నీ దండం నేలమీద గీసిన గీత వెంటే ఈమె నడుస్తుంది. దండం నేలను విడువరాదు. నీవు వెనుదిరిగి చూడరాదు. సూర్యాస్తమయంలోగా ఉత్తరాన పారే కృష్ణవేణిని చేరకుంటే ఈమె భూమిలో ఇంకిపోతుంది, మళ్ళీ రాదు" అని విధాత నియమం పెట్టాడు.

తూర్పు లోయలో బయలుదేరి, దండాన్ని ఈడుస్తూ, వెనుక నీటి చప్పుడే ప్రాణంగా నడిచిన మహర్షికి, పొద్దు వాలే వేళ ఒక గుట్ట ఎదురైంది. దాని నెత్తిన తూర్పుముఖంగా వెలసిన శివలింగం, చుట్టూ చెంచుల గుడిసెలు. ఎంతటి తపస్వికైనా అలవాటు అలవాటే. లింగం కనబడగానే పెదవులు పంచాక్షరిని అందుకున్నాయి, కాళ్ళు గుట్టచుట్టూ ప్రదక్షిణానికి తిరిగాయి. చేతిలోని దండం గీత గీస్తూనే ఉందన్న సంగతి ఆ మహానుభావుడు మరిచిపోయాడు.

దక్షిణం దాటి, పడమర దాటి, ఉత్తరానికి వచ్చేసరికి ఈదమ్మ అనే చెంచు ముసలిది రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడింది.

"ఆగు సామీ. నీ ఎనకాల ఏరు కొండని సుట్టుకొస్తాంది. ఇంకో పది బారలు నడిస్తే దాని తోక అదే మింగి, ఈడనే గిరగిరా తిరుగుతా గుట్టమీదికి పొంగుతాది. మా పిల్లాజెల్లా అంతా పైనే ఉండారు."

మహర్షి ఉన్నచోటే ఆగి తలెత్తి చూశాడు. ముందు తన గీతలోని నీరే మెరుస్తోంది, వెనుక ప్రవాహం మడమలను తాకుతోంది. సూర్యబింబం కొండకొమ్మును అంటుకుంది.

"తల్లీ, దండం ఎత్తితే నది చస్తుంది, వలయం మూస్తే మీరు మునుగుతారు. నాకు దారి తోచడం లేదు" అన్నాడు, సిగ్గుతో తల వంచి.

"శివయ్య తూము దాటకూడదని సదువురాని నాకే తెలుసు. నువ్వెట్ట మర్సినావు సామీ? ఇందాక నేను పోసిన సొరబుర్రెడు నీళ్ళు ఆ తూములోంచి ఎటు జారినాయో సూడు."

చూశాడు. పానవట్టం నుంచి జారిన అభిషేకజలం గుట్ట దిగి, ఉత్తరంగా సన్నని తడిచారగా సాగింది. ఆ జలం పారే సోమసూత్రాన్ని దాటబోయిన పాదాన్ని వెనక్కి తీసుకొని, ఆ తడి మీదుగానే దండాన్ని తిప్పి, వయసునూ వగర్పునూ లెక్కచేయక పరుగెత్తాడు మౌంజాయనుడు. లఘుతోయ ఆయన వెంట ఉరికింది. సూర్యుడు సగం మునిగిన క్షణాన దండం కొన కృష్ణవేణిలో తడిసింది, మహర్షి ఆ నీళ్ళలోనే కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

బ్రహ్మ ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు.

"నా తప్పును కాచిన ఆ తల్లి గూడేనికి ఏనాడూ నీటిభయం లేకుండుగాక" అన్నాడు మహర్షి. విధాత తథాస్తు అన్నాడు.

ఆనాటి నుంచి లఘుతోయ మూడు వైపులా గుట్టను చుట్టి, వలయం మూయకుండానే ఉత్తరానికి మళ్ళుతుంది. ఎంత వరద వచ్చినా ఈశాన్యాన మిగిలిన ఆ పొడి నేల తడవదు. దాన్ని చెంచులు ఈదమ్మ చేతులంటారు.