వెనక గోడ

దస్తగిరికి ఒక్కటే బెంగ. కొత్తింట్లో చేరి ఏడాదవుతోంది. గురువు హుసేనయ్య తాత ఒక్కసారి కూడా గడప తొక్కలేదు.

కర్నూలు పాతబస్తీలో ఉన్నప్పుడు అలా కాదు. అక్కడ ప్రతి సందూ ఇంకో సందులోకి తెరుచుకునేది. తాత ఎవరింటికి బయల్దేరినా, దారిలోనే కదా అని దస్తగిరి ఇంట్లోకి తొంగిచూసేవాడు. పాపకు రేగిపండ్లు పెట్టి, అరుగు మీద ఉగ్గాని తిని, రెండు మంచి మాటలు చెప్పి పోయేవాడు. ఆ మాటల మీదే ఇన్నాళ్లూ బతికానని దస్తగిరికి ఇప్పుడు తెలుస్తోంది.

ఊరు కాలువ దాటి పెరిగింది. పెంచినవాళ్లలో దస్తగిరీ ఒకడు. పొలాలు కొని ఇళ్ల స్థలాల వెంచర్ వేసి, అందులోనే తనూ ఇల్లు కట్టుకున్నాడు. చుట్టూ ప్రహరీ, హైవే వైపు ఒక్కటే గేటు.

ఉండబట్టలేక ఒకరోజు తాత దగ్గరికి పోయి అడిగేశాడు.

“మమ్మల్ని మర్చిపోతివి తాతా.”

“కొత్తిల్లు ఎట్లుందిరా?”

“బ్రహ్మాండంగా ఉంది. మా ఇంటితోనే రోడ్డు ఆగిపోతుంది. బయటి మనిషి ఒక్కడు కూడా రాడు.”

తాత నవ్వాడు. “శుక్రవారం పొద్దున వస్తాలే.”

“కారు పంపిస్తా.”

“కాలువగట్టు దారి నా కాళ్లకు తెలుసులేరా.”

శుక్రవారం భార్య మాబున్ని ఉగ్గాని చేసింది. దస్తగిరి కొత్త చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు. అంతలో ఆమె నుంచి ఫోన్.

“తాత వచ్చినాడు. వెనక గోడ తడతాండాడు.”

పరుగున ఇంటికొచ్చాడు. గోడ అవతల చేతికర్ర చప్పుడు. పాత బండిదారికి అడ్డంగా ఆ గోడ కట్టించింది తనే.

“తాతా!”

“ఉగ్గాని వాసన ఈడికే వస్తాంది కదరా. ఇంట్లోకి యాడ నుంచి రావల్ల?”

“నువ్వు కదలొద్దు. కారేసుకుని నేనే వస్తా.”

తను గీయించిన రోడ్లే. అయినా కంగారులో మలుపు తప్పి, ఇంకో మొండి రోడ్డు చివర గోడకు ఎదురెళ్లాడు. తనను తనే తిట్టుకుంటూ వెనక్కి తిప్పి, గేటు దాటి హైవే ఎక్కాడు. డివైడర్‌కు ఎంతకీ సందు లేదు. ఎక్కడో యూటర్న్ తీసుకుని, వంతెన దాటి, గట్టు మీది మట్టిదారిలో గోడ దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరింది.

తాత లేడు. గోడ మొదట్లో తువ్వాలు పరిచి ఉంది. దాని మీద పాపకు తెచ్చిన రేగిపండ్లు.

దస్తగిరికి ఏడుపొచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. అవతల తన ఇల్లు వినిపిస్తోంది. గిన్నెల చప్పుడు, పాప నవ్వు. ఉగ్గాని వాసన నిజంగానే ఇక్కడిదాకా వస్తోంది. తెలియకుండానే అరచేత్తో గోడ మీద తట్టాడు.

లోపల్నుంచి మాబున్ని ఆత్రంగా పలికింది.

“యాడికీ పోవద్దు తాతా. మా ఆయన బయల్దేరినాడు. నీ కోసమే వస్తాండాడు.”