పలుగుమెట్ట మీది బిడ్డనెత్తిన తాత

ఊరి పక్కన పారే గెడ్డ దాటి కుడివైపు తిరిగితే కనిపించే రాళ్ల గుట్టే పలుగుమెట్ట. పైకి నలభై ఆరు మెట్లు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. తాటాకు పందిరి కింద నిలువెత్తు రాయి ఒక్కటే ఉంది. అందులో తలపాగా చుట్టిన పెద్దాయన ఒక ఆడబిడ్డను భుజాన కూర్చోబెట్టుకుని నవ్వుతుంటారు. ఆయనే మా బిడ్డనెత్తిన తాత. ఆ బిడ్డ కాలు మోకాలి దగ్గర వంగకుండా కర్రలా ఉంటుంది, పాదం కూడా మరీ వెడల్పు. శిల్పికి పని చేతకాదని నవ్వుకునే భక్తులు ముందు ఈ నాలుగు మాటలు చదవాలి.

పూర్వం ఇక్కడ, అంటే త్రేతాయుగంలో కాదు, బర్మాలో యుద్ధం జరిగిన కాలంలో, సువ్వారి దాలయ్య అనే రైతు ఉండేవారు. పటాలంలో చేరి, ఐదేళ్లు పోరాడి, పక్కటెముకల్లో తూటా ముక్కతో తిరిగివచ్చారు. వచ్చిన రోజునే కూతురు రాములమ్మను భుజాన ఎక్కించుకున్నారు. ఇక దించితే ఒట్టు. పొలానికీ సంతకీ అలాగే వెళ్లేవారు. భార్య సూరీడమ్మకు జ్వరమొస్తే గంజి కాచి తాగించేవారు, పిల్లల గుడ్డలు గెడ్డలో ఉతికేవారు. సిపాయివై ఉండి ఇదేం పనయ్యా అని మగవాళ్లు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవారు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఊరి పిల్లలను ఒక్కొక్కరినే భుజాన వేసుకుని అవతల ఉన్న బడికి దాటించేవారు. యుద్ధం సంగతి అడిగితే మాత్రం పలికేవారు కారు. అలా బతికి, మనవలను కూడా ఎత్తుకుని, డెబ్బయ్యో ఏట కన్నుమూశారు. ఆ రాములమ్మ ఈ పుస్తకం రాస్తున్న నాకు తల్లి.

ఊరు ఊరంతా ఏడ్చింది. గ్రామపెద్ద ముఖలింగం నాయుడు గారు రామమందిరం ఎదుట దాలయ్యకు రాయి నిలపాలని నిశ్చయించి, శిల్పి ముత్యాలాచారికి పురమాయించారు. నెల తర్వాత సూరీడమ్మ చూడబోతే, రాతిలో ఆయన భుజాన తుపాకీ ఉంది. ఆవిడ రాయి ముందు బైఠాయించి, దాన్ని ఊళ్లోకి తేవడానికొచ్చిన బండిని కదలనివ్వలేదు.

నాయుడు గారు చెడ్డవారు కారు. ఊరిని కాచే వీరుడికి ఆయుధం లేకపోతే ఊరికి కీడని ఆయన నమ్మకం. "దాలయ్య నా కలలోకొచ్చి తుపాకీ కావాలన్నాడమ్మా" అన్నారు.

"నలభై ఏళ్లు నాతో కాపరం చేసినోడు. ఏటైనా కావాలంటే నన్నడుగుతాడు గానీ, మీ కలలోకొచ్చి అడుగుతాడేటి బావూ?" అన్నది సూరీడమ్మ. "తుపాకీ సర్కారుది. అక్కడే ఇచ్చీసి వచ్చినాడు. బిడ్డ మా మావది. మా మావ ఇష్టపడి మోసినదాన్నే చెక్కండి."

తుపాకీ లేని రాయికి ఊళ్లో చోటు లేదు, డప్పు లేదు, దీపం లేదు అని నాయుడు గారు తేల్చి చెప్పారు. ఎవరూ మొక్కని రాయి రెండేళ్లలో పొదల పాలవుతుంది, దాలయ్యను ఊరు మరిచిపోతుంది. ఆ సంగతి మా అమ్మమ్మకు బాగా తెలుసు. తెలిసే, "మరిసిపోతే పోనీండి. లేని ఏసం కట్టి మాత్రం మొక్కొద్దు" అన్నది.

చెక్కిన రాతిని మళ్లీ నింపడం ఏ శిల్పికీ సాధ్యం కాదు. అందుకని ముత్యాలాచారి భుజం మీంచి రొమ్ము దాకా వాలిన తుపాకీ కర్రను బిడ్డ కాలుగా, తల పక్కన మిగిలిన రాతిని బిడ్డ ఒళ్లుగా మలిచారు. కాలు వంగకపోవడానికీ, పాదం అంత వెడల్పు కావడానికీ కారణం అదే. దాన్ని సరిచేయిస్తామంటూ ఏటా ఎవరో ఒకరు వస్తారు. అక్కర్లేదు.

సూరీడమ్మ సొంత ఎడ్లతో రాయిని ఈ మెట్టకు లాగించింది. రోజూ సాయంత్రం దీపం పెట్టింది. మూడేళ్లు ఒక్కతే ఎక్కింది, ఒక్కతే దిగింది. నాలుగో ఏడు దాలయ్య పోయిన తిథినాడు నాయుడు గారి కొడుకే తన కూతురిని భుజాన ఎక్కించుకుని మెట్టెక్కాడు. తండ్రి అడ్డుపడితే, "నన్ను గెడ్డ దాటించిన భుజం అది నాన్నా. దానిమీద తుపాకీ నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాడట. మరుసటేడు పదిమంది తండ్రులు వచ్చారు. ఆపై ఏడు నాయుడు గారే, నడవలేక, కొడుకు వీపు మీద వచ్చి సూరీడమ్మ చేతి ప్రసాదం కళ్లకద్దుకున్నారు.

నేటికీ తాత పోయిన తిథి, మాఘ బహుళ పంచమినాడు తండ్రులు బిడ్డలను భుజాన ఎత్తుకునే మెట్లెక్కాలి. అలుపొస్తే నిలబడవచ్చు, బిడ్డను దించకూడదు. నడవలేని తల్లిదండ్రులను మోసుకొచ్చేవారికి ముందుగా దర్శనం. ప్రసాదం చోడి అంబలి, అంటే రాగి జావ. ఆయుధాలు, వాటి బొమ్మలు, ఇత్తడివైనా వెండివైనా, స్వీకరించబడవు.

తాతకు మొక్కితే శత్రువులు నశిస్తారని, వ్యాజ్యాలు గెలుస్తారని మేము చెప్పము. సరిహద్దుల్లో పనిచేసే సిపాయిలు సెలవు దొరకగానే ఇక్కడికి వస్తారు. మొక్కు తీర్చుకున్నవారి ఇంట, ఏడాదికొకసారి కనిపించే తండ్రిని చూసి బిడ్డ తలుపు చాటున దాక్కోదు, చేతులు చాచి ఎదురొస్తుంది. ఆయన ఇచ్చే వరం ఇదొక్కటే. ఇది చాలదనుకునేవారికి వేరే గుళ్లు చాలా ఉన్నాయి.