పెట్టెలోని అయస్కాంతం

శిష్యులు ప్రశ్న అడిగితే భీమశంకరం గారు ఏనాడూ నేరుగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. చేతికి దొరికిన వస్తువుతో ఏదో ఒకటి చేసి చూపిస్తారు. అర్థమైతే అదృష్టం, కాకపోతే ఇంటికెళ్లి తిట్టుకోవడమే.

ఆయన ప్రయోగశాలలో అయస్కాంతాల మీద పరిశోధన చేస్తున్న హిమజకు ఆ సాయంత్రం అంత ఓపిక లేదు. ఏ లోహం ఎంత కలిపితే వేడిలోనూ పట్టు వదలని అయస్కాంతం వస్తుందో ముందే చెప్పే ప్రోగ్రామ్ ఒకటి ఆమె తయారుచేసింది. దానికి నేర్పడానికి కంప్యూటర్ కట్టిన లెక్కలు వేలల్లో ఉన్నాయి, నిజంగా కొలిమిలో తయారుచేసి కొలిచినవి మాత్రం కొన్నే. రెండూ కలిపి నేర్పింది. అది చెప్పిన పాళ్లలో తెల్లారగానే లోహాలు కరిగించాలి. ల్యాబులో మిగిలిన అరుదైన లోహమంతా అందులోకే పోతుంది. తప్పయితే మళ్లీ తెప్పించే దారి లేదు, ఆమె పరిశోధనా అక్కడితో ఆగిపోతుంది. కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, లెక్క ఒకటి చెప్పి, కొలత ఇంకొకటి చెప్తే ఎవరి మాట నమ్మాలి?"

లెక్కకు సరిపోయాయని ఆమె బల్ల మీద అపురూపంగా పెట్టుకున్న అయస్కాంతాల్లోంచి ఆయన ఒకటి తీశారు. తర్వాత వంగి, బల్ల కింది అట్టపెట్టెలోంచి ఇంకొకటి తీశారు. వేడిచేస్తే లెక్కకు దరిదాపుల్లోకి రాని ముక్కలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. కొలిమిదే లోపమని తనకు తానే సర్దిచెప్పుకుని, వాటి కొలతలను ప్రోగ్రామ్‌కు చూపించకుండా పక్కన పెట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రెండు ముక్కల్లోనూ అవే లోహాలు, అవే పాళ్లు. కంప్యూటర్ లెక్కలో వేడిలోనూ రెండింటి బలమూ ఒకటే. ఆయన వాటిని ఇనుప బీరువా తలుపుకు అంటించి, ఒక్కోదానికి ఒక తాళాలగుత్తి పట్టించారు. రెండూ నిలిచాయి. ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది. అప్పుడాయన రెండింటినీ ఊడదీసి, టీ కోసం మరుగుతున్న నీళ్లలో పడేశారు. ఆ పూట ఇక టీ మీద ఆశ వదులుకోవలసిందే. కాసేపాగి బయటికి తీసి మళ్లీ తలుపుకు అంటించి, తాళాలు పట్టించారు.

బల్ల మీది ముక్క కదల్లేదు. పెట్టెలోది తాళాలతో సహా మెల్లగా జారి కింద పడింది.

"రేపు మనం చేసేది వీటిలో ఏ ముక్కలా వస్తుందమ్మా?" అన్నారు.

జారిపడే ముక్క ఒకటి ఉంటుందని హిమజ ప్రోగ్రామ్‌కు అసలు తెలియనే తెలియదు. ఆమె సిగ్గుతో, భయంతో ఉన్నదంతా చెప్పేసింది. కొలిమి గదికి ఫోన్ చేసి, రేపటి పని ఆపమంది. ఫోన్ పెట్టేసి, అయితే ఆ వేల లెక్కలన్నీ తీసి అవతల పారేయమంటారా అని అడిగింది.

భీమశంకరం గారు కింద పడ్డ ముక్కను తీసి ఆమె అరచేతిలో పెట్టారు. అది ఇంకా వెచ్చగానే ఉంది.

"లెక్క లేకపోతే ఇది నిలబడాల్సిందని నీకెవరు చెప్పేవారు? నిలబడ్డదేమో లెక్క మాటే మళ్లీ చెప్పింది. లెక్కకు తెలియనిదేమిటో పడ్డదాన్ని అడుగు."