పీట మీద మూడో పేరు

ధర్మలింగం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. తణుకులో ఆయన దగ్గర లేజరుతో చెక్క మీద చెక్కే పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు చాలామంది ఈ అలవాటు భరించలేకే వెళ్లిపోయారు. చివరికి నిలిచింది సుభాషిణి ఒక్కతే. ఆమెకు ముప్ఫై దాటాయి. చెయ్యి మంచిది, ఓపికే తక్కువ.

ఆ రోజు ఆమెకు ఒళ్లు మండిపోతోంది. అంతకుముందు ఒక డాక్టరుగారి ఇంటి గుమ్మానికి టేకు చెక్క మీద పేరు చెక్కి ఇచ్చింది. అక్షరాలు గీసింది తను, యంత్రం ముందు కూర్చుని పొగ మింగింది తను. డాక్టరుగారేమో దాన్ని ఫోటో తీసి ఊరందరికీ పంపుతూ కింద 'లింగం మాస్టారి పనితనం' అని రాశాడు. అది చూసిన దగ్గర్నుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు. మాస్టారు టీ తాగుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నా పని నా పేరు మీద బయటికి వెళ్లేదెప్పుడు మాస్టారూ?"

అడిగి ఊరుకోలేదు. లేజరు రాకముందు ఆయన కొట్లకు బోర్డులు రాసేవాడు. ఇప్పటికీ బజారులో ఏ పాత బోర్డు చూసినా కింద మూలన 'లింగం ఆర్ట్స్' అని ఉంటుంది. ఆ సంగతి గుర్తుచేసి, మీకో న్యాయం నాకో న్యాయమా అని నిలదీసింది. మాస్టారు అంతా విన్నాడు. విని, మంగతాయారుగారు పెళ్లి పీటలు పంపించారు, వాటి పని నువ్వే చూడు, నేను రాజమండ్రి వెళ్లి చెక్క తెస్తాను అని సంచీ తీసుకుని బయల్దేరాడు. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయమే అనుకుంది సుభాషిణి.

పీటలు పాత పనస చెక్కవి. వాడి వాడి నల్లబడ్డాయి. మంగతాయారు అత్తవారింట్లో తరతరాల పెళ్లిళ్లు వాటి మీదే జరిగాయి. ఎల్లుండి ఆవిడ కూతురి పెళ్లి. పీటల మీద వధూవరుల పేర్లు ఉండాలని ఆవిడ ముచ్చట పడింది. ముచ్చట పడితే పడింది, ఒక మాట మీద నిలబడాలా వద్దా? ముందు ఇంగ్లీషు అక్షరాలంది, తర్వాత తెలుగంది. పద్మం పెట్టమంది, పద్మం తీసేసి హంసల్ని పెట్టమంది, హంసలు బాతుల్లా ఉన్నాయని వాటినీ తీసేయమంది. ఫోను మోగినప్పుడల్లా సుభాషిణికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి ఒక పీట నడిమధ్యన 'వాగ్దేవి', రెండో పీట నడిమధ్యన 'శ్రీహరి' అని అరచేతి వెడల్పున అక్షరాలు చెక్కింది.

పని ముచ్చటగా కుదిరింది. కుదిరింది కాబట్టే ఆమెకు బుద్ధి నిలవలేదు. మాస్టారు ఊళ్లో లేడు కదా అని పెళ్లికూతురి పీట మీద ఒక మూలన చిన్న అక్షరాలతో 'సుభాషిణి' అని కూడా చెక్కుకుంది. చిన్నవి కదా, కనపడవేమోనని లేజరును మళ్లీ నడిపించి మరీ లోతుగా కాల్చింది. సాయంత్రానికి పీటలు మంగతాయారు ఇంటికి పంపేసింది.

మర్నాడు మాస్టారు తెచ్చిన చెక్క దింపుకుంటుండగా కొట్టు ముందు ఆటో ఆగింది. మంగతాయారూ, ఆవిడ అత్తగారు బుల్లెమ్మగారూ దిగారు. పీటలు పెద్దావిడ చేతుల్లో ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టి, వాగ్దేవంటే సరస్వతి కాదా, శ్రీహరంటే విష్ణుమూర్తి కాదా, పెళ్లినాడు పిల్లలిద్దర్నీ దేవుళ్ల మీద కూర్చోమంటారా అని ఆవిడ అందుకుంది. ఈ రోజుల్లో అందరూ చెక్కించుకుంటున్నారత్తయ్యా అని మంగతాయారు గొణిగింది. సుభాషిణికి చిర్రెత్తుకొచ్చింది. చెక్కమన్నదీ మీరే, ఇప్పుడు నెత్తినెక్కుతున్నదీ మీరేనా అని అననే అంది. బుల్లెమ్మగారు వినిపించుకోలేదు. కళ్లజోడు సర్దుకుని పీట మూల మీద వేలు పెట్టింది.

"పెళ్లి ఇద్దరికే కదమ్మా. ఈ మూడో పేరెవరిది?"

సుభాషిణి ముఖాన నెత్తురు చుక్క లేదు. మాస్టారు వంగి చూసి, మళ్లీ చెక్క దింపుకునే పనిలో పడ్డాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

బుల్లెమ్మగారి కోపం అంతలోనే నీరుగారిపోయింది. తను ఈ పీట మీద కూర్చునే తాళి కట్టించుకున్నానని, మనవరాలు కూడా కూర్చుంటుంటే చూసి పోదామనుకున్నానని, ఇప్పుడు కుర్చీలు తెచ్చుకోవలసిందేనని కొంగుతో కళ్లొత్తుకుంది. సుభాషిణికి ఆ మూలనున్న అక్షరాలను చేత్తో కప్పేద్దామా అనిపించింది.

"పేరు వద్దని కాదమ్మా" అంది పెద్దావిడ. "గిన్నెల మీద మేమూ కొట్టించుకుంటాం. అన్నం వడ్డించే చోట కొట్టిస్తామా?"

మాస్టారు లోపలికి వెళ్లి చెక్క నునుపు చేసే చిత్రిక తెచ్చి సుభాషిణి చేతిలో పెట్టాడు. రేపటికి పీటలు మీ ఇంట్లో ఉంటాయని వాళ్లకు చెప్పి పంపాడు.

పెద్ద అక్షరాలు పైపైనే కాలాయి కాబట్టి చిత్రిక పట్టగానే లేచిపోయాయి. మూలనున్న తన పేరు మాత్రం ఎంతకీ పోదు. అక్కడొక్కచోటే గీకితే గుంట పడుతుంది. ఆ చిన్న పేరు పోవాలంటే పీట మొత్తాన్నీ ఆ లోతుకు దింపాలి. దింపింది. తీరా చూస్తే పెళ్లికొడుకు పీట ఎత్తయి కూర్చుంది. జంట పీటలు ఎగుడుదిగుడుగా ఉంటాయా? దాన్నీ చిత్రిక పట్టింది. చేతులు పొక్కులెక్కాయి. మంగతాయారును తిట్టుకుంది, ముసలావిణ్ణి తిట్టుకుంది, గోడ దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తున్న మాస్టారిని మరీ తిట్టుకుంది. మిగిలిన తిట్లన్నీ తనను తనే తిట్టుకుంది. ఆ నల్లటి పీటల్లోంచి పచ్చటి పనస చెక్క బయటపడింది.

తర్వాత పీటలు బోర్లించి, అడుగున పొట్టి కాళ్లలా ఉండే కోళ్ల మధ్య ఉన్న జానెడు చోటులో పేర్లు చెక్కింది. లేజరు కోళ్లకు తగలకూడదు కనక అక్షరాలు చిన్నవే పట్టాయి. ఈసారి చెక్కినవి రెండే పేర్లు.

పెళ్లికి వీళ్లనూ పిలిచారు. బుల్లెమ్మగారు ముందు వరసలో కూర్చుని, పచ్చటి పీట మీద మనవరాల్ని కళ్లారా చూసుకుంది. తంతు అయ్యి జంట లేచాక, కింద పడ్డ తలంబ్రాలు ఊడవడానికి ఎవరో పీటలు తీసి గోడకు నిలబెట్టారు. అడుగు భాగం బయటికి తిరిగింది. భోజనాలకు వెళ్తున్నవాళ్లు ఆగి ఆ పేర్లు చదవడం మొదలుపెట్టారు. బుల్లెమ్మగారు కూడా చదివింది. చదివి, సుభాషిణిని దగ్గరకు పిలిచి, బాగుందే అమ్మాయ్, మరి నీ పేరు వెయ్యలేదేం అని అడిగింది.

సుభాషిణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వేస్తే ఆ రోజు అంత రభస, వెయ్యకపోతే ఇప్పుడీ ఆరా. తాంబూలం సంచీ పట్టుకుని నిలబడ్డ మాస్టారి వైపు విసురుగా తిరిగింది.

"ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ. నా పేరు ఎక్కడ చెక్కుకోమంటారు?"

ఏనాడూ జవాబు చెప్పని మనిషి ఆ రోజు చెప్పాడు.

"నీ ఇష్టం, ఎక్కడైనా చెక్కుకో. దాని మీద మాత్రం కూర్చోకు."