మోస్తుంది అనే మాట

ఒక దీవిలో యుద్ధం ముగిసింది. రాజు గెలిచాడు. అడవులన్నీ యుద్ధానికే పోయాయి కాబట్టి కుర్చీ చేద్దామంటే కర్ర లేదు. కాలిన ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నవాళ్ళు నిలబడే తింటున్నారు.

కూలిన విమానాలు పొలాల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. కుర్చీల మేస్త్రీ వాటిని తన కార్ఖానాలో కరిగించాడు. కాళ్ళు పోశాడు, చేతులు పోశాడు, వీపు పోశాడు. మెత్తలు కుట్టే పని అక్కడి ఒక పెద్దామెది.

ఆ కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. కొత్త రకం కుర్చీ తయారైతే, మెత్త కుట్టిన మనిషే ముందు కూర్చోవాలి. కూర్చుని "మోస్తుంది" అనాలి. ఆ మాట పడందే కుర్చీ గడప దాటదు. కర్ర కుర్చీల రోజుల్లో ఆమె పళ్ళ మధ్య సూది ఉండగానే ఆ మాట అనేసేది.

ఈసారి కూర్చోలేదు.

"ఏమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"నా కొడుకు విమానం తిరిగి రాలేదు కదా."

"రాలేదు. అయితే?"

"వాడి మీద నన్ను కూర్చోమంటావా?"

మెరుగు పెట్టేవాడు లావుపాటి మనిషి. నవ్వించబోయాడు. "నేను కూర్చుంటా వదినా. నన్ను మోసిందంటే ఏనుగునైనా మోస్తుంది."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"ఏది ఎవరి విమానమో ఎవరికి తెలుసమ్మా? అన్నీ ఒకే కొలిమిలో కరిగాయి."

"అందుకే. ఇప్పుడు అన్నిట్లోనూ ఉన్నాడు."

కుర్చీలు గోడవార పేరుకుపోయాయి. బయట జనం గొణిగారు. చివరికి రాజే వచ్చాడు. సంగతి విని, ఇంతేనా అన్నట్టు ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"మోస్తుంది," అన్నాడు.

"మోయక ఏం చేస్తాడు దొరా? మిమ్మల్ని మోయడం వాడికి కొత్తా?"

రాజు కాలు దించాడు. కాసేపటికి లేచాడు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన తీసిన తలుపులోంచి బయటి జనం కనిపించారు. నిండు చూలాలు ఒకతె నడుం పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. మెత్తలు కుట్టే ఆమె ఆ చూలాలినే చూసింది, చాలాసేపు.

మేస్త్రీ కుర్చీ పక్కకు తీయబోతే వద్దంది. మెత్త మీద చెయ్యి పెట్టింది. ఇంకా రాజు వేడి ఉంది. నిలబడింది. మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. బాగా చల్లబడ్డాక, నిద్రపోయే వాళ్ళెవరో లేస్తారేమో అన్నట్టు, మెల్లగా కూర్చుంది.

అందరూ ఆ మాట కోసం ఆగారు.

"మోస్తున్నాడు," అంది.

తప్పని ఎవరూ దిద్దలేదు. మేస్త్రీ తలుపులు బార్లా తీశాడు.

ఆ కుర్చీలు ఊరూరా వెళ్ళాయి. దూదిలా తేలిక, ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు. అయినా పక్కకు జరపాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఇళ్ళ ఆడవాళ్ళు రెండు చేతులూ చాచి ఎత్తుకునేవారు. ఎందుకలా అని అడిగితే, బరువండీ అనేవారు.