మందారమ్మ బిగించిన తలుపు

అనగనగా, మనుషులు పారేసుకున్న వస్తువులు అడవి జీవులకు దక్కే కాలంలో, ఒక కొండ కింద మూడు వడ్రంగిపిట్టలు ఉండేవి. పెద్దన్న గట్టిముక్కయ్య, చిన్నన్న కుచ్చులయ్య, చెల్లెలు మందారమ్మ. ఏ మేస్త్రీ సంచిలోంచి జారిందో గానీ, వాళ్లకొక కొలత టేపు దొరికింది. ఇక చూడాలి ఆ అన్నల దర్జా! అడవి మొత్తానికీ టేపున్న వడ్రంగులు వాళ్లే మరి.

ఒకనాడు దూదమ్మ అనే కుందేలు ఏడుస్తూ వచ్చింది.

"అన్నయ్యలారా! నిన్ననే పిల్లల్ని కన్నాను. ఒంటిమీద బొచ్చయినా రాలేదు. వాన వచ్చేట్టుంది, ఎర్రచీమలు దండు కట్టి మా రాతిగూటి వైపే వస్తున్నాయి. చీమ దూరని తలుపు చేసిపెట్టండయ్యా!"

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గట్టిముక్కయ్య. వాళ్ల దగ్గరున్న పలక ఎత్తుకు సరిపోతుంది. కొలవాల్సింది గుమ్మం వెడల్పే. టేపుకి పై అంచున అంగుళాలుంటాయి, కింది అంచున సెంటీమీటర్లుంటాయి. మహానుభావుడు కింది అంచు చూసి "ముప్ఫై ఒకటి" అన్నాడు. ఇంటికి పోయి, పై అంచు చూసి, ముప్ఫై ఒక్క అంగుళాలు కోశాడు. తీరా తెచ్చి పెడితే గుమ్మానికి రెండింతలు దాటింది!

"ఇది నాకు చేశావా, ఏనుక్కి చేశావా?" అని దూదమ్మ నెత్తి కొట్టుకుంది.

"నువ్వు తప్పుకో అన్నా," అని కుచ్చులయ్య టేపు లాక్కున్నాడు. ఈయన అంగుళాలే చూశాడు, పాపం. కానీ టేపు కొసన ఉన్న ఇనుప కొక్కెం కాస్త లొడలొడలాడింది. "ఇదిగో, అసలు జబ్బు ఇక్కడుంది!" అని దాన్ని ముక్కుతో టకటకా కొట్టి కదలకుండా బిగించేశాడు. తర్వాత కొక్కేన్ని గోడకు ఆనించి గుమ్మం కొలిచాడు. అన్న తెచ్చిన పలకలోంచే ముక్క కోసి తలుపు పెట్టాడు.

చూడ్డానికి ఎంత బాగుందో! అంతలో లోపల్నుంచి దూదమ్మ కెవ్వుమంది. తలుపు పక్కన తాటాకు మందాన సందు. ఆ సందులోంచి చీమ వెనక చీమ. అప్పుడే ఒక పిల్లను కుట్టేశాయి. తల్లి ఏడుస్తూ చీమల్ని ఏరుతోంది.

మిగిలిన పలక ఇంకొక్క తలుపుకే వస్తుంది. అదీ తప్పితే ఆ పసికూనల గతి ఏమిటి?

మందారమ్మ టేపు తీసుకుంది. ముందు కొక్కేన్ని కదిపి చూసింది. కదల్లేదు.

"చిన్నన్నా, దీన్ని బిగించావా?"

"మరి! వదులైపోతే చూస్తూ ఊరుకుంటానా?"

"అయ్యో అన్నయ్యా, అది జబ్బు కాదు, దాని పనే అది! దొరికిన నాటినుంచీ కనబడ్డ కొమ్మకల్లా తగిలించి చూశాను. కొక్కెం తన మందమంతే కదులుతుంది. గోడకు ఆనిస్తే లోపలికి జరుగుతుంది, పలక అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుంది. రెండు చోట్లా కొలత సరిగ్గా రావాలనే అలా పెట్టారు. అది బయటికి జరిగి ఉండగా నువ్వు బిగించేశావు, గోడ దగ్గర ఆ మందం లెక్కలోంచి జారిపోయింది. అదీ ఈ సందు!"

కుచ్చులయ్య తలపై కుచ్చు వాలిపోయింది. "ఇప్పుడెలాగే తల్లీ?"

"కొక్కెం జోలికే పోను." మందారమ్మ టేపును గుమ్మం ముందు పరిచి, ఒకటో అంగుళం గీతను ఒక అంచుకు సరిగ్గా పెట్టింది. "పెద్దన్నా, ఆ చివర బిగించి పట్టుకో. మధ్యలో వేలాడనివ్వకు." రెండో అంచు పదమూడు దాటింది. అంగుళం మధ్యనున్న పొడుగు గీత అర, దానికన్నా పొట్టిది పావు. అంచు ఆ మొదటి పావు గీత మీద పడింది.

"పదమూడుంపావు. ఒకటి నుంచి మొదలెట్టాను గనక ఒకటి తీసెయ్యాలి. పన్నెండుంపావు!"

మళ్లీ కొలిచింది. అదే వచ్చింది. పలక మీద కూడా ఒకటి నుంచే కొలిచి, గీత గీసి, కోసింది.

అప్పటికి చీమల దండు మొత్తం గుమ్మం దాకా వచ్చేసింది. మందారమ్మ పాత తలుపు లాగేసి, కొత్తది నెట్టింది. టక్కున కూర్చుంది! చీమలు పైన వెతికాయి, కింద వెతికాయి, పక్కలు వెతికాయి. దారి దొరక్క కొండ మీదికి పోయాయి. లోపల పిల్లలు హాయిగా పాలు తాగుతున్నాయి.

"చూడండర్రా! ఈ తలుపు చేసింది మా చెల్లెలు!" అని గట్టిముక్కయ్య అడవంతా వినబడేలా అరిచాడు. కుచ్చులయ్య అంతకన్నా గట్టిగా అరిచాడు, "నేను చెడగొట్టిన టేపుతోనే చేసింది!" అని. నాకైతే ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

కాబట్టి పిల్లలూ, చేతిలోని పనిముట్టు వింతగా ఉంటే ముందు అదెందుకలా ఉందో తెలుసుకోవాలి. తెలియకుండా బాగుచేయబోతే బాగున్నదే పాడవుతుంది.